సిల్వర్ రౌండ్స్: చూస్తే పాత డాలర్.. నిజానికి వెండి బిళ్ల! కొనే ముందు ఈ తేడా తెలియాల్సిందే

అమెరికాలో ఏ కాయిన్ షాపులోకి వెళ్లినా, వెండి అమ్మే ఏ వెబ్‌సైట్ తెరిచినా గుండ్రటి వెండి బిళ్లలు వరుసగా కనిపిస్తాయి. ఒకదానిపై జడలో గోధుమ కంకులు తురుముకున్న లిబర్టీ ముఖం.. ఇంకోదానిపై మూపురం ఉన్న బైసన్.. మరోదానిపై ఉదయిస్తున్న సూర్యుడి వైపు నడిచి వెళ్తున్న స్త్రీ. చూడగానే వందేళ్ల నాటి డాలర్ దొరికిందనిపిస్తుంది. కానీ వీటిలో చాలావాటికి అమెరికా ప్రభుత్వంతో ఏ సంబంధమూ లేదు. ప్రైవేట్ మింట్లు పాత నాణేల బొమ్మలతో తయారు చేసి అమ్ముతున్న వీటిని 'సిల్వర్ రౌండ్స్' అంటారు.

2025 అక్టోబర్‌లో అంతర్జాతీయ మార్కెట్‌లో ఔన్సు వెండి 50 డాలర్లు దాటింది. అంత ధర పలికే లోహం కాబట్టి చిన్న పొరపాటు జరిగినా జేబుకు చిల్లే. రౌండ్‌ను రౌండ్‌గా కొంటే నష్టం లేదు. దాన్నే పాత నాణెం అనుకుని కొంటేనే చిక్కు. ఆ తేడా ఎలా పట్టుకోవాలి? ధర ఎలా లెక్కేయాలి? చట్టం ఏం చెబుతోంది? వివరంగా చూద్దాం.

కాయిన్ వేరు.. రౌండ్ వేరు

నాణెం అంటే ప్రభుత్వం విడుదల చేసేది. దానిపై దేశం పేరు, ముఖవిలువ ఉంటాయి. అది చట్టబద్ధమైన డబ్బు. రౌండ్ అలా కాదు. అది నాణెం ఆకారంలో ఉన్న వెండి ముక్క, అంతే. దానికి ముఖవిలువ ఉండదు. దాంతో షాపులో సరుకులు కొనలేరు. బిళ్లపై సాధారణంగా కనిపించేవి రెండే వివరాలు. ఒకటి బరువు.. ఎక్కువగా ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. రెండోది స్వచ్ఛత.. 999, అంటే వెయ్యి వంతుల్లో 999 వంతులు వెండి.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. తిరుమలలో అమ్మే శ్రీవారి డాలర్లు పేరుకే డాలర్లు, వాటితో అంగట్లో ఏమీ కొనలేం. కాసుల పేరులోని లక్ష్మీ కాసులు కూడా అంతే. చూడ్డానికి నాణేలే అయినా కంసాలి అచ్చు కొట్టినవి. సిల్వర్ రౌండ్ కూడా అదే కోవలోకి వస్తుంది.

ఇక్కడ గందరగోళం పెంచే ఇంకో రకం ఉంది. అదే అమెరికన్ సిల్వర్ ఈగిల్. అందులోనూ ఒక ఔన్సు వెండే ఉంటుంది. కానీ అది 1986 నుంచి యూఎస్ మింట్ స్వయంగా ముద్రిస్తున్న నాణెం. ముఖవిలువ ఒక డాలర్. ప్రభుత్వ ముద్ర ఉంది కాబట్టి ఈగిల్ ధర సాధారణంగా రౌండ్ కంటే ఎక్కువే ఉంటుంది.

పాత డిజైన్లే ఎందుకు?

కారణాలు సింపుల్. మొదటిది, వందేళ్ల నాటి ఈ డిజైన్లు ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు. కొత్త డిజైన్ గీయించే ఖర్చు తప్పుతుంది. రెండోది, అవి జనానికి బాగా పరిచయం. కొత్త బొమ్మకు కొనేవాళ్లను వెతుక్కోవాలి. పాత లిబర్టీకి ఆ బాధ లేదు.

మూడో కారణం సెంటిమెంట్. 1965 కాయినేజ్ చట్టంతో అమెరికా డైమ్, క్వార్టర్ నాణేల్లో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్‌లో 40 శాతానికి తగ్గి, 1970 తర్వాత సాధారణ చలామణి నాణేల్లో అదీ లేకుండా పోయింది. చిల్లర డబ్బుల్లోనే వెండి ఉన్న రోజులను గుర్తుచేసేవి ఈ బొమ్మలే. అసలు నాణేలు ఖరీదైపోయాక, ఆ అందాన్ని తక్కువ ధరలో చేతికిచ్చే పని ప్రైవేట్ మింట్లు అందుకున్నాయి. గోల్డెన్ స్టేట్ మింట్, సిల్వర్‌టౌన్, సన్‌షైన్ మింటింగ్, హైలాండ్ మింట్ లాంటివి ఈ రంగంలో బాగా వినిపించే పేర్లు.

ఎక్కువగా కనిపించే డిజైన్లు ఇవే

మోర్గాన్ డాలర్: ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా మింట్‌లో పనిచేసిన జార్జ్ టి. మోర్గాన్ డిజైన్ ఇది. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రించారు. ఫిలడెల్ఫియాకు చెందిన టీచర్ అన్నా విలియమ్స్ ఈ లిబర్టీ ముఖానికి మోడల్.

వాకింగ్ లిబర్టీ: అడాల్ఫ్ వైన్‌మన్ డిజైన్. 1916 నుంచి 1947 వరకు హాఫ్ డాలర్‌పై ఉంది. సిల్వర్ ఈగిల్‌పై ఇప్పుడు కనిపించే బొమ్మ కూడా ఇదే. అందుకే వాకింగ్ లిబర్టీ రౌండ్‌ను ఈగిల్ అనుకునేవాళ్లు ఎక్కువ. ముఖవిలువ ఉందో లేదో చూస్తే తేలిపోతుంది.

బఫెలో: రౌండ్లలో బాగా పాపులర్ డిజైన్ ఇది. జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ చేశారు. ఒకవైపు ఆదివాసీ ముఖం, రెండోవైపు బైసన్. ఇక్కడే ఒక తమాషా ఉంది. 1913 నుంచి 1938 వరకు నడిచిన అసలు బఫెలో నాణెంలో వెండి చిటికెడు కూడా లేదు. అది 5 సెంట్ల నికెల్ బిళ్ల. 75 శాతం రాగి, 25 శాతం నికెల్. బరువు 5 గ్రాములే. అంటే బఫెలో రౌండ్ అసలుకు నకలు కూడా కాదు. బొమ్మ మాత్రమే పాతది, మిగతాదంతా కొత్తదే.

సెయింట్ గాడెన్స్: శిల్పి అగస్టస్ సెయింట్ గాడెన్స్ 20 డాలర్ల బంగారు నాణెం కోసం చేసిన డిజైన్. 1907 నుంచి 1933 వరకు ముద్రించారు. ఈ రకానికి చెందిన 1933 నాటి ఒకే ఒక్క నాణెం 2021 జూన్‌లో న్యూయార్క్ వేలంలో సుమారు 1.89 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే బొమ్మ ఉన్న వెండి రౌండ్ మాత్రం ఆ రోజు వెండి ధరకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది.

మెర్క్యురీ డైమ్: ఇదీ వైన్‌మన్ డిజైనే. 1916 నుంచి 1945 వరకు 10 సెంట్ల నాణెంపై ఉంది. రెక్కల టోపీ పెట్టుకున్న ఆమె లిబర్టీ. జనం రోమన్ దేవుడు మెర్క్యురీ అనుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

భారత్ రూపాయి కోసం కరిగిన డాలర్లు

అసలు మోర్గాన్ డాలర్లకు ఇంత గిరాకీ ఎందుకో తెలియాలంటే ఒక పాత కథ తెలియాలి. అందులో భారతదేశానికీ పాత్ర ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో భారత్‌లో వెండి రూపాయిలకు కటకట వచ్చింది. కాగితం నోట్లపై నమ్మకం సడలడంతో, వాటిని ఇచ్చేసి వెండి రూపాయిలు తీసుకోవడానికి జనం ఎగబడ్డారు. బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర సరిపడా వెండి లేదు. దాంతో బ్రిటన్ అమెరికాను ఆశ్రయించింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసింది. ఖజానాల్లో పడి ఉన్న వెండి డాలర్లను కరిగించి అమ్మడానికి ఈ చట్టం అనుమతి ఇచ్చింది.

మొత్తం 27 కోట్లకు పైగా డాలర్ నాణేలు కరిగిపోయాయి. అందులో దాదాపు 25.9 కోట్ల నాణేల వెండి, అంటే సుమారు 20 కోట్ల ఔన్సులు, భారత్ అవసరాల కోసం బ్రిటన్‌కు అమ్మేశారు. అప్పటి ధర ఔన్సు ఒక డాలర్. అప్పటివరకు ముద్రించిన మోర్గాన్లలో దాదాపు సగం ఇలా మాయమయ్యాయి.

ఏ సంవత్సరం నాణేలు ఎన్ని కరిగాయో ఎవరూ లెక్క రాయలేదు. అందుకే ముద్రించిన సంఖ్యను బట్టి ఫలానా నాణెం ఎంత అరుదో కచ్చితంగా చెప్పలేం. ఈ అనిశ్చితే పాత మోర్గాన్ల విలువను పెంచింది. 1893లో శాన్ ఫ్రాన్సిస్కో మింట్ ముద్రించిన మోర్గాన్లు లక్ష మాత్రమే. 'ఎస్' గుర్తు ఉన్న ఆ నాణెం అరిగిపోయిన స్థితిలో ఉన్నా వేల డాలర్లు పలుకుతుంది. అదే మోర్గాన్ బొమ్మ ఉన్న రౌండ్‌కు ఈ చరిత్ర ఏదీ లేదు. దాని విలువ దాని బరువే.

నకలులోనే వెండి ఎక్కువ! లెక్క ఇదీ

చాలామందికి ఇది ఆశ్చర్యంగా అనిపిస్తుంది. అసలు మోర్గాన్ డాలర్ కంటే మోర్గాన్ రౌండ్‌లోనే వెండి ఎక్కువ. పాత డాలర్ బరువు 26.73 గ్రాములు. అందులో వెండి 90 శాతం, మిగతా 10 శాతం రాగి. అంటే అసలైన వెండి 0.7734 ఔన్సు. రౌండ్‌లో నిండా ఒక ఔన్సు.

ఔన్సు వెండి ధర 50 డాలర్లు అనుకుని లెక్క చూస్తే..

• ఒక ఔన్సు రౌండ్‌లో వెండి విలువ: 50 డాలర్లు
• మోర్గాన్ డాలర్‌లో: సుమారు 38.67 డాలర్లు
• వాకింగ్ లిబర్టీ హాఫ్ డాలర్‌లో (0.3617 ఔన్సు): సుమారు 18 డాలర్లు
• మెర్క్యురీ డైమ్‌లో (0.0723 ఔన్సు): సుమారు 3.60 డాలర్లు

వెండి ధర మారితే ఈ అంకెలూ మారతాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే. దీనిపైన షాపువాళ్లు వేసుకునేదాన్ని ప్రీమియం అంటారు. మన దగ్గర నగకు మజూరీ ఎలాగో ఇదీ అలాగే. రౌండ్‌పై ప్రీమియం సాధారణంగా తక్కువ. బాగా తెలిసిన మింట్, పరిమిత సంఖ్యలో వచ్చిన డిజైన్ అయితే కాస్త పెరుగుతుంది. అమ్మేటప్పుడు మాత్రం ఆ ప్రీమియం మొత్తం తిరిగి రావడం కష్టం. కాబట్టి వెండి కోసమే కొనేవాళ్లు తక్కువ ప్రీమియం చూసుకోవాలి. బొమ్మ నచ్చి కొనేవాళ్లు ఆ ఎక్కువ మొత్తం ముచ్చట కోసం పెట్టిన ఖర్చేనని ముందే అనుకోవాలి.

2021లో యూఎస్ మింట్ స్వయంగా మోర్గాన్, పీస్ డాలర్లను మళ్లీ ముద్రించింది. ఈసారి 999 వెండితో, ఒక్కోటి 85 డాలర్లకు అమ్మింది. ఇవి రౌండ్లు కావు, ప్రభుత్వ నాణేలే. పాత మోర్గాన్, 2021 మోర్గాన్, మోర్గాన్ రౌండ్.. ఒకే ముఖం, మూడు వేర్వేరు ధరలు.

చట్టం ఏం చెబుతోంది?

అమెరికాలో వెండి రౌండ్లు తయారు చేయడం, అమ్మడం, కొనడం నేరం కాదు. కాకపోతే రెండు గీతలు దాటకూడదు.

మొదటి గీత 1973 నాటి హాబీ ప్రొటెక్షన్ చట్టం. అసలు నాణెంలా భ్రమ కలిగించే నకలు తయారు చేస్తే దానిపై 'కాపీ' అనే పదం చెరిగిపోకుండా ముద్రించాలి. అందుకే నిజాయితీగా పనిచేసే మింట్లు రౌండ్‌పై 'వన్ డాలర్' అని వేయవు. ముఖవిలువ ఉండాల్సిన చోట బరువు, స్వచ్ఛత వేస్తాయి. 2014లో ఈ చట్టాన్ని ఇంకా కట్టుదిట్టం చేశారు. నకళ్లు అమ్మేవాళ్లకు తెలిసి సాయం చేసినవాళ్లూ ఇప్పుడు చిక్కుల్లో పడతారు.

రెండో గీత ఇంకా సీరియస్. వెండి బిళ్లను డబ్బుగా చలామణి చేయకూడదు. దీనికి పెద్ద ఉదాహరణ లిబర్టీ డాలర్ కేసు. బెర్నార్డ్ వాన్ నాట్‌హౌస్ అనే వ్యక్తి 1998 నుంచి 'లిబర్టీ డాలర్' పేరుతో వెండి బిళ్లలు తయారు చేయించి, వాటిని ప్రత్యామ్నాయ కరెన్సీగా ప్రచారం చేశారు. 2007లో ఎఫ్‌బీఐ దాడులు చేసింది. 2011 మార్చిలో నార్త్ కరోలినాలో జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. 2014లో ఆరు నెలల గృహ నిర్బంధం, మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. ఆ బిళ్లల్లో వెండి ఉంది. తప్పు వెండిలో లేదు, దాన్ని డబ్బు అనడంలోనే ఉందని కోర్టు తేల్చింది.

మోసం ఎక్కడ జరుగుతుంది?

రౌండ్ స్వతహాగా మోసం కాదు. అది ఏమిటో దానిపైనే రాసి ఉంటుంది. మోసం ఎక్కువగా ఈ నాలుగు చోట్ల జరుగుతుంది.

• పూత బిళ్లలు: 'సిల్వర్ ప్లేటెడ్', 'సిల్వర్ క్లాడ్', 'సిల్వర్ లేయర్డ్' అని ఉంటే లోపల రాగి లేదా ఇత్తడి. '100 మిల్స్ సిల్వర్' అని ఉంటే అది పూత గురించిన మాట, బరువు కాదు. జర్మన్ సిల్వర్‌లో అయితే వెండే ఉండదు. అది రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం.
• రాగి రౌండ్లు: అవే బొమ్మలతో రాగి బిళ్లలు కూడా వస్తాయి. ఇవి సాధారణంగా 28.35 గ్రాముల మామూలు ఔన్సు లెక్కలో ఉంటాయి. వెండికి వాడేది 31.1 గ్రాముల ట్రాయ్ ఔన్సు.
• నకిలీ మోర్గాన్లు: 'కాపీ' అనే ముద్ర లేకుండా, పాత తేదీ, ముఖవిలువతో అచ్చం అసలులా తయారయ్యే బిళ్లలు. ఇవి రౌండ్లు కావు, దొంగ నాణేలు. తాతల నాటి పెట్టెలో దొరికిందంటూ ఆన్‌లైన్‌లో అమ్మే వాటితో మరింత జాగ్రత్త.
• నకిలీ రౌండ్లు: పేరున్న మింట్ గుర్తునే కాపీ కొట్టి తక్కువ రకం లోహంతో తయారు చేసేవి. మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు వెండి ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే.

ఇంట్లోనే ఇలా చెక్ చేసుకోవచ్చు

బరువు: చిన్న డిజిటల్ త్రాసు చాలు. ఒక ఔన్సు రౌండ్ 31.1 గ్రాములు తూగాలి. మోర్గాన్ 26.73 గ్రాములు, అరుగుదల ఉంటే ఇంకాస్త తక్కువ.

అయస్కాంతం: వెండి అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుంటే వెండి కాదని తేలినట్టే. అంటుకోనంత మాత్రాన వెండే అని చెప్పలేం. రాగి, సీసం కూడా అంటుకోవు.

నీళ్ల పరీక్ష: ఇది కాస్త నమ్మదగింది. త్రాసుపై గ్లాసు నీళ్లు పెట్టి, రీడింగ్‌ను సున్నా చేయాలి. బిళ్లను సన్నటి దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచాలి. ఒక ఔన్సు 999 వెండి అయితే త్రాసు సుమారు 2.96 గ్రాములు చూపిస్తుంది. అదే బరువున్న రాగి అయితే దాదాపు 3.47 చూపిస్తుంది. వెండి సాంద్రత 10.49, రాగిది 8.96 కావడమే దీనికి కారణం. పాయింట్ తర్వాత రెండు అంకెలు చూపించే త్రాసు అయితేనే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మెషీన్ టెస్ట్: పెద్ద మొత్తంలో కొంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ ఉన్న షాపులో పరీక్ష చేయించడం మేలు. అయితే ఇది పైపొరనే ఎక్కువగా చదువుతుంది. మందపాటి పూత ఉంటే బోల్తా పడొచ్చు. అందుకే నీళ్ల పరీక్షను దీనికి తోడుగా చూసుకోవాలి.

ఖరీదైన పాత నాణెం కొనేటప్పుడు మాత్రం ఈ ఇంటి పరీక్షలు సరిపోవు. లోహం నిజమైన వెండే అయినా నాణెం దొంగది కావచ్చు. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు పరీక్షించి సీల్ చేసినవి తీసుకోవడమే సేఫ్.

దాచుకోవడం, అమ్ముకోవడం

వెండి నల్లబడటానికి గాలిలోని గంధక సమ్మేళనాలు కారణం. రబ్బరు బ్యాండ్లలో కూడా గంధకం ఉంటుంది కాబట్టి బిళ్లలకు వాటిని చుట్టకూడదు. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే ఆకుపచ్చ జిగురు పట్టే ప్రమాదం ఉంది. బిగుతైన ప్లాస్టిక్ క్యాప్సూల్స్, ట్యూబులు మంచివి.

రౌండ్ నల్లబడినా బరువు మారదు, కాబట్టి విలువకు పెద్దగా ఢోకా లేదు. పాత నాణేన్ని మాత్రం చింతపండుతోనో పాలిష్‌తోనో తోమకూడదు. మెరుపు వస్తుంది కానీ సేకరణ విలువ పడిపోతుంది.

అమెరికాలో అమ్మి లాభం పొందితే పన్ను ఉంటుంది. ఏడాదికి పైగా ఉంచుకున్న వెండిపై వచ్చే లాభాన్ని అక్కడి ఐఆర్ఎస్ 'కలెక్టిబుల్స్' కింద చూస్తుంది. గరిష్ఠ పన్ను రేటు 28 శాతం. కొనేటప్పుడు కట్టే సేల్స్ ట్యాక్స్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అందుకే బిల్లులు జాగ్రత్త చేసుకోవాలి.

తెలుగు ఇళ్లలోని పాత రూపాయిల సంగతేంటి?

ఇదే ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది. చాలా ఇళ్లలో విక్టోరియా రాణి, జార్జి రాజు బొమ్మలున్న వెండి రూపాయిలు పూజ గదిలోనో బీరువాలోనో ఉంటాయి. తెలంగాణలో అయితే చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలం నాటి హాలీ సిక్కా కూడా కనిపిస్తుంది. అసలైన విక్టోరియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే ఒక పాత తులం. వెండి సుమారు 91.7 శాతం. 1940 నుంచి రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు. 1947లో పూర్తిగా నికెల్‌కు మార్చేశారు. అంటే ఒకే జార్జి రాజు బొమ్మ ఉన్నా తేదీని బట్టి వెండి సగానికి సగం తేడా వస్తుంది.

ధనత్రయోదశి, దీపావళికి షాపుల్లో అవే రాజు, రాణి బొమ్మలతో కొత్త వెండి బిళ్లలు అమ్ముతుంటారు. అమెరికా రౌండ్లకు ఇవి అన్నదమ్ములే. స్వచ్ఛత ఎంతో రాసి, బిల్లు ఇచ్చి, కొత్తవని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. 'పాత రూపాయి' అని చెప్పి అమ్మితేనే అడగాల్సింది. ముందు త్రాసుపై పెట్టి 11.66 దగ్గరకు వస్తుందో లేదో చూడాలి.

ఎన్నారైలకు రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. ఇంట్లో ఉంచుకోవచ్చు కానీ సొంతంగా దేశం దాటించకూడదు. అమ్మమ్మ ఇచ్చిన విక్టోరియా రూపాయిని గుర్తుగా అమెరికా తీసుకెళ్దాం అనుకునేవాళ్లు ఇది గమనించాలి. రెండు, అమెరికా నుంచి రౌండ్లు తెచ్చేటప్పుడు నగలకు ఉండే డ్యూటీ మినహాయింపు వాటికి వర్తించదు. కస్టమ్స్ వద్ద డిక్లేర్ చేయాలి. బయల్దేరే ముందు తాజా బ్యాగేజీ నిబంధనలు చూసుకుంటే మంచిది.

కొనే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

షాపులో అయినా ఆన్‌లైన్‌లో అయినా బిళ్ల నచ్చితే ముందు ఈ మూడూ అడగాలి. ఇది ఎవరు ముద్రించారు? ఇందులో అసలు వెండి ఎంత? ఈ రోజు వెండి ధర కంటే ఎంత ఎక్కువ అడుగుతున్నారు? మూడింటికీ సూటిగా జవాబు వస్తే ఆ రౌండ్ కొనుక్కోవచ్చు. పాత లిబర్టీ బొమ్మ కళ్ల ముందు ఉంటుంది, ఔన్సు వెండి చేతిలో ఉంటుంది. జవాబుకు బదులు 'ఇది చాలా పాతది, మళ్లీ దొరకదు' అన్న మాట వినిపిస్తే మాత్రం డబ్బు తీయకముందే త్రాసు తీయాలి.